ప్లంబర్‌కి ఎన్ని స్టార్లు? మొహమాటానికి ఐదు, కోపానికి ఒకటి

ఈ రోజు టాపిక్ వినడానికి చిన్నదే. కానీ మన జేబుకీ, ఇంకొకరి పొట్టకీ రెండింటికీ సంబంధించింది. ఇంటికొచ్చి రిపేరు చేసిన వాళ్లకి రివ్యూ ఎలా రాయాలి? ప్లంబర్, ఎలక్ట్రీషియన్, పెయింటర్, టైల్స్ మేస్త్రీ, ఏసీ మెకానిక్, వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టర్... అందరూ ఇందులోకే వస్తారు.

ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో మ్యాప్స్ ఓపెన్ చేసి మీ ఏరియాలో ప్లంబర్ అని కొట్టండి. ఏదో ఒక షాపు మీద నొక్కి రివ్యూలు చదవండి. ఎక్కువ శాతం ఇలా ఉంటాయి: "గుడ్ సర్వీస్". "సూపర్ వర్క్". "నైస్". మధ్యలో ఒకటి: "వరస్ట్ ఫెలో, ఎవరూ పిలవకండి, డబ్బులు దండగ". అంతే. ఇవన్నీ చదివాక మీకేం తెలిసింది? ఆయన గీజర్ బిగిస్తాడా, గోడలో దాగిన పైప్‌లైన్ లీకేజీ పట్టుకోగలడా, చెప్పిన టైముకి వస్తాడా, చెప్పిన రేటే తీసుకుంటాడా? ఒక్కటీ తెలీదు. ఇరవై మంది మాట్లాడారు, ఒక్కరూ ఏమీ చెప్పలేదు.

బిర్యానీ రివ్యూ అయితే ఇంత ఇబ్బంది లేదు. తిన్న అరగంటలో ఎలా ఉందో తెలిసిపోతుంది. నచ్చకపోతే పోయేది రెండు మూడొందలు. ఇంటి రిపేరు అలా కాదండి. మూడు తేడాలున్నాయి.

ఒకటి, పని బాగుందో లేదో వెంటనే తెలీదు. డాబా మీద వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించారు అనుకోండి. వేసిన రోజు తెల్లగా మెరిసిపోతుంది. అసలు సంగతి తెలియాలంటే ఒక వానాకాలం పోవాలి. టైల్స్ వేసిన రోజు అన్నీ లెవెల్‌గానే కనిపిస్తాయి. కింద సిమెంట్ సరిగ్గా పరవకపోతే, కొన్నాళ్లకి కాయిన్‌తో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తుంది.

రెండు, పని గోడ లోపల జరుగుతుంది. వైరు ఏ గేజ్ వేశాడు, పుట్టీ కింద చెమ్మ ఆరిందా, పైపు జాయింట్‌కి సొల్యూషన్ పూసి ఎంతసేపు ఆగాడు... ఇవన్నీ మూసేశాక మనకి కనపడవు.

మూడు, అందులో మనం కూడా పార్టీయే. మధ్యలో "ఇక్కడ ఇంకో పాయింట్ పెట్టండి", "ఈ రంగు వద్దు, అది వేయండి" అని మార్చేది మనమే. మెటీరియల్ మేమే కొంటాం అని చవక రకం తెచ్చేదీ ఒక్కోసారి మనమే. బిర్యానీ వండేటప్పుడు మనం వంటింట్లోకి వెళ్లి ఉప్పు వేయం కదా!

అందుకే ఇక్కడ స్టార్లు నొక్కేసి ఊరుకుంటే కుదరదు. మాటలు కావాలి. మరి మనం ఆ మాటలు ఎందుకు రాయం? నాకు కనిపించిన కారణాలు రెండే. మొహమాటం, కోపం.

మొహమాటం సంగతి మీకు తెలిసిందే. పని అయిపోయింది. ఆయన చెమటతో తడిసిపోయి నిలబడ్డాడు. మనం డబ్బులిచ్చాం, మంచినీళ్లిచ్చాం. ఆయన ఫోన్ చూపించి "సార్, కొంచెం ఫైవ్ స్టార్ ఇవ్వండి సార్" అంటాడు. ఎదురుగా మనిషిని పెట్టుకుని నాలుగు నొక్కగలమా? ఐదు నొక్కేస్తాం. బాత్‌రూమ్‌లో ట్యాప్ ఇంకా కారుతూనే ఉంటుంది. ఆ ఐదు చూసి ఇంకొకరు పిలుస్తారు. మన మొహమాటానికి వాళ్లు డబ్బులు కడతారన్నమాట.

కోపం దీనికి రివర్స్. రాత్రి పదకొండింటికి సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయి, ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. వెంటనే ఫోన్ తీసి ఒక స్టార్ నొక్కి "చీటర్, ఫ్రాడ్, దొంగ" అని రాసేస్తాం. ఫోన్ ఎందుకు ఎత్తలేదో మనకి తెలీదు. లీకేజీ ఆయన చేసిన చోటే వచ్చిందో, పక్కన ఇంకో చోట వచ్చిందో అదీ తెలీదు. ఆ చిన్న కాంట్రాక్టర్‌కి మొత్తం రివ్యూలే పన్నెండు ఉన్నాయనుకోండి. ఆ ఒక్క స్టార్ నెలల తరబడి పైనే కూర్చుంటుంది. ఆయన దగ్గర పనిచేసే ముగ్గురు నలుగురు కుర్రాళ్లకి కూడా పని తగ్గుతుంది.

రెండు సందర్భాల్లోనూ మనం రాసింది ఆయన పని గురించి కాదు, ఆ నిమిషంలో మన మూడ్ గురించి. నేను చెప్పదలుచుకున్నది ఇదే. రివ్యూ అంటే బహుమతి కాదు, శిక్ష కాదు. అది సాక్ష్యం. నేను చూసింది ఇది, నేను కట్టింది ఇంత, తర్వాత జరిగింది ఇది. పిలవాలా వద్దా అనేది చదివేవాళ్లు తేల్చుకుంటారు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఈ తేడా రోజూ చూసేవాడిని. ఒక బగ్ టికెట్ వచ్చేది: "యాప్ పని చేయట్లేదు, అర్జెంట్". దాంతో ఎవరూ ఏమీ చేయలేరు. ఇంకో టికెట్ ఇలా వచ్చేది: ఈ ఫోన్‌లో, ఈ వెర్షన్‌లో, ఈ బటన్ నొక్కితే, ఇది రావాలి, కానీ ఇది వస్తోంది. పది నిమిషాల్లో విషయం తేలిపోయేది. టికెట్‌లో తిట్లు ఉన్నాయా పొగడ్తలు ఉన్నాయా అనేది లెక్కే కాదు. ఏం అనుకున్నాం, ఏం జరిగింది అన్నదే లెక్క.

ఇంటి రిపేరు రివ్యూకి కూడా అదే ఫార్మాట్ పెట్టుకోవచ్చు. నాలుగు ప్రశ్నలు. స్క్రీన్‌షాట్ తీసుకునేవాళ్లు తీసుకోండి.

ఒకటి: ఏం ఒప్పుకున్నాం? పని ఏంటి, ఎంత విస్తీర్ణం, ఎన్ని రోజులు, రేటు ఎంత, మెటీరియల్ ఎవరిది.
రెండు: ఏం జరిగింది? ఎన్ని రోజులు పట్టింది, ఏం చేశారు, ఏం మిగిలింది.
మూడు: చివరికి ఎంత కట్టాం? ముందు చెప్పినదానికీ, చివరికీ తేడా ఉంటే ఎందుకు.
నాలుగు: తర్వాత ఏమైంది? సమస్య వస్తే ఫోన్ చేశామా, వచ్చారా, ఎన్ని రోజులకి, మళ్లీ డబ్బులు అడిగారా.

నా లెక్కలో నాలుగోదే అన్నిటికంటే ముఖ్యం. తప్పు జరగని పని ఉండదు. తప్పు జరిగాక మనిషి ఎలా ఉన్నాడు అనేదే తర్వాత పిలిచేవాళ్లకి పనికొచ్చే సమాచారం.

మాటల్లో చెప్తే తేలిగ్గానే ఉంటుంది. నిజంగా రాయాల్సి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో మా ఇంటి కేసు చెప్తాను. కాంట్రాక్టర్ పేరు చెప్పను, ఇక్కడ అది అవసరం లేదు.

ఖమ్మంలో మా అమ్మానాన్నల ఇల్లు. పాత శ్లాబు, రెండు చోట్ల లీకేజీ. మెట్ల గది పక్కన ఒకటి, వాటర్ ట్యాంక్ పైపు శ్లాబులోకి దిగే చోట ఇంకొకటి. మే నెలలో వాటర్‌ప్రూఫింగ్ చేయించారు. నాలుగు రోజుల పని అన్నారు, తొమ్మిది రోజులు పట్టింది. జూన్‌లో మొదటి పెద్ద వానకి మెట్ల గది దగ్గర చుక్క రాలేదు. పైపు దగ్గర మాత్రం మళ్లీ కారింది. రెండుసార్లు ఫోన్ చేస్తే ఆరో రోజు వచ్చి, పైపు చుట్టూ చెక్కేసి మళ్లీ నింపి, పైసా తీసుకోకుండా చేసి వెళ్లారు.

ఇప్పుడు రివ్యూ రాయాలి. ఇంట్లో గొడవ మొదలైంది.

నాన్న అన్నారు, "పోనీలేరా, పాపం మళ్లీ వచ్చి చేశాడు కదా. ఐదు ఇచ్చెయ్. రేపు బజార్లో ఎదురుపడితే ఏం మొహం పెట్టుకుని మాట్లాడతాను?"

అక్క ఊరుకోలేదు. "ఆరు రోజులు కింద గిన్నెలు పెట్టుకుని కూర్చున్నది అమ్మా నేనూ. మధ్యలో మూడు రోజులు చెప్పాపెట్టకుండా మానేశారు. ఒకటే ఇవ్వరా."

ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. నాన్న చెప్పిందీ జరిగింది, అక్క చెప్పిందీ జరిగింది. స్టార్ల దగ్గర మొదలుపెడితే వాళ్లిద్దరికీ ఎప్పటికీ రాజీ కుదరదు. అందుకని స్టార్లు పక్కన పెట్టి ఆ నాలుగు ప్రశ్నలకి జవాబులు రాశాం. జూలై వానలు కూడా చూసి, ఆగస్టులో పెట్టాం. అందులో ఉన్నది ఇదీ:

"ఖమ్మంలో మా డాబా సుమారు 900 చదరపు అడుగులు. పాత శ్లాబు, రెండు చోట్ల లీకేజీ ఉండేది. మే నెలలో కోటింగ్ చేయించాం. మెటీరియల్, లేబర్ కలిపి చదరపు అడుగుకి 45 రూపాయలు, మొత్తం 40,500. ముందు చెప్పిన రేటే తీసుకున్నారు. నాలుగు రోజులు అన్నారు, తొమ్మిది రోజులు పట్టింది. రెండు రోజులు వాన వల్ల, మూడు రోజులు చెప్పకుండా రాకపోవడం వల్ల. మెట్ల గది దగ్గర లీకేజీ పూర్తిగా ఆగింది. ట్యాంక్ పైపు దగ్గర జూన్‌లో మళ్లీ కారింది. రెండుసార్లు ఫోన్ చేశాక ఆరో రోజు వచ్చి ఉచితంగా సరిచేశారు. తర్వాత జూలై వానలకి లీకేజీ లేదు. మూడేళ్ల వారంటీ నోటిమాటగా చెప్పారు, అడిగితే బిల్లు మీద రాసిచ్చారు. పిలిచేవాళ్లు పైపుల చుట్టూ ప్రత్యేకంగా చూడమని ముందే చెప్పండి, రోజులు కూడా రాయించుకోండి."

నాలుగు స్టార్లు పెట్టాం. కానీ ఇది చదివినవాళ్లకి ఆ నాలుగుతో పెద్ద పని లేదు. తొందర ఉన్నవాళ్లు "ఈయన లేటు చేస్తాడు" అని వేరేవాళ్లని చూసుకుంటారు. తొందర లేనివాళ్లు "రేటు మార్చడు, పిలిస్తే వస్తాడు" అని ఈయన్నే పిలుస్తారు. "ఉచితంగా" అన్న మాట ఉంది కాబట్టి నాన్న సరే అన్నారు. "చెప్పకుండా రాకపోవడం" అన్న మాట ఉంది కాబట్టి అక్క సరే అంది. బజార్లో ఎదురుపడితే నాన్న తల దించుకోవాల్సిన మాట అందులో ఒక్కటీ లేదు.

గమనించారా, అందులో ఎందుకు లీకయిందో రాయలేదు. కోటింగ్ పలచగా వేశారా, పైపు ముందే కదిలిపోయి ఉందా మాకు తెలీదు. తెలియనిది రాయలేదు. ఇది చాలా ముఖ్యం. కొన్ని ఉదాహరణలు చెప్తాను.

గోడకి పెయింట్ వేయించిన ఆరు నెలలకి పొక్కులు వచ్చి పెచ్చులూడుతోంది. మనం "పెయింటర్ నాసిరకం రంగు వేశాడు" అంటాం. కానీ గోడ అవతల బాత్‌రూమ్ ఉండి, అక్కడి నుంచి చెమ్మ వస్తుంటే ఎంత ఖరీదైన రంగు వేసినా ఊడుతుంది. పెయింటర్ ముందే "చెమ్మ ఉంది సార్, ఫస్ట్ అది చూపించండి" అని చెప్పాడా? చెప్పినా మనం పండగ వస్తోందని వేయించేశామా? చెప్పి ఉంటే అదీ రాయాలి. చెప్పకపోతే "చెమ్మ గురించి ముందు చెప్పలేదు" అని రాయొచ్చు. అది నిజం, అది సరిపోతుంది.

ఏసీ సంగతి చూడండి. ప్రతి ఎండాకాలం మెకానిక్ వచ్చి "గ్యాస్ అయిపోయింది" అని రెండు మూడు వేలు తీసుకుంటున్నాడు. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్‌లాగా వాడేకొద్దీ అయిపోయేది కాదు. లీకేజీ ఉంటేనే తగ్గుతుంది. కాబట్టి రివ్యూలో "మోసగాడు" అని రాయడం కంటే "గ్యాస్ నింపారు, లీకేజీ ఎక్కడుందో చూడలేదు, నాలుగు నెలలకి మళ్లీ చల్లదనం తగ్గింది" అని రాస్తే చదివేవాళ్లకి రెండు విషయాలు తెలుస్తాయి. ఈ మెకానిక్ గురించి ఒకటి. వచ్చే మెకానిక్‌ని ఏం అడగాలో ఇంకొకటి.

ఇంకో మాట. మనం పిలిచింది కాంట్రాక్టర్‌ని, వచ్చింది ఆయన పంపిన కుర్రాళ్లు. హైదరాబాద్‌లో టైల్స్, పెయింటింగ్, సెంట్రింగ్ పనుల్లో బిహార్, ఒడిశా, యూపీ, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. "హిందీ వాళ్లని పంపాడు, అందుకే పని ఇలా ఉంది" అని రాసే రివ్యూలు మీరూ చూసే ఉంటారు. ఇది సాక్ష్యం కాదు. టైల్ వంకర వస్తే టైల్ వంకర అని రాయండి. మనిషి ఊరు, భాష, కులం ఏదీ టైల్‌ని వంకర చేయదు. పనికి సూపర్‌వైజర్ రాలేదు, చెప్పాల్సినవాళ్లు లేరు అంటే, అది కాంట్రాక్టర్ బాధ్యత. అది రాయండి. కుర్రాడి మొహం కనిపించే ఫొటో, పర్సనల్ ఫోన్ నంబర్ పెట్టకండి. పని ఫొటో పెట్టండి, అదే వెయ్యి "సూపర్"ల కంటే నయం. అలాగే మీ ఫ్లాట్ నంబర్, మెయిన్ డోర్ తాళం కనిపించే ఫొటోలు కూడా వద్దు, అది మీ సేఫ్టీ కోసం.

ఇప్పుడు చట్టం గురించి ఒక్క నిమిషం. భయపెట్టడానికి కాదు, ధైర్యంగా రాయడానికే చెప్తున్నా. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా. అందులో 356వ సెక్షన్ పరువు నష్టం గురించి. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేకపోతే సమాజ సేవ. కానీ అదే సెక్షన్‌లో మినహాయింపులు ఉన్నాయి. మాట నిజమై, ప్రజల మేలు కోసం చెప్పినదైతే అది పరువు నష్టం కిందకి రాదు. కాబట్టి "సిమెంట్ దొంగతనం చేశాడు" అని రాసేముందు ఆగండి. మీ దగ్గర రుజువు ఉందా? "12 బస్తాలకి బిల్లు వేశారు, ఇంటికి 9 బస్తాలు వచ్చాయి, అడిగితే సమాధానం రాలేదు" అని రాయగలిగితే, మీ దగ్గర బిల్లూ ఫొటోలూ ఉంటే, అది రాయండి. దొంగ అనే మాట లేకుండానే విషయం పూర్తిగా అర్థమవుతుంది. మీరు నిలబడటానికి నేల కూడా గట్టిగా ఉంటుంది.

రివ్యూ ఎప్పుడు పెట్టాలి? రెండు రూల్స్. ఒకటి, ఆయన ఎదురుగా ఉన్నప్పుడు కాదు. "సార్, నేను పని చూసుకుని వారంలో తప్పకుండా రాస్తాను" అని నవ్వుతూ చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. చెప్పాక రాయండి మాత్రం. రెండు, సమస్య వచ్చిన రాత్రి కాదు. ముందు ఫోన్ చేయండి, వాట్సాప్‌లో ఫొటో పెట్టండి, ఒక గడువు ఇవ్వండి. "శనివారం లోపు వచ్చి చూడండి" అని. వస్తే అది రివ్యూలో పడుతుంది, రాకపోయినా అదీ పడుతుంది. అర్జెంట్ ప్రమాదం అయితే, అంటే వైరింగ్ షాక్ కొట్టడం లాంటిది అయితే, ఆగక్కర్లేదు. మెయిన్ ఆఫ్ చేసి వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ఆయన చూసి చెప్పింది కూడా చేర్చి రాయండి.

కానీ ఒక గీత ఉంది, దాన్ని దాటకూడదు. "రెండు వేలు తగ్గించు, లేదంటే ఒక స్టార్ ఇస్తా" అనడం. ఇది రివ్యూ కాదు, బెదిరింపు. అవతల వైపు నుంచి "ఫైవ్ స్టార్ ఇస్తే ఐదొందలు తగ్గిస్తా" అన్నా అంతే, ఒప్పుకోకండి. డబ్బుకో డిస్కౌంట్‌కో రివ్యూ ఇవ్వడం గూగుల్ రూల్స్ ప్రకారం కూడా కుదరదు. మన దేశంలో 2022 నవంబర్‌లో బీఐఎస్ ఆన్‌లైన్ రివ్యూల మీద ఒక ప్రమాణమే తెచ్చింది, ఐఎస్ 19000:2022 అని. స్వచ్ఛందంగా పాటించేదిగా తెచ్చారు. రివ్యూలు సేకరించి చూపించే సంస్థలు ఎలా నడుచుకోవాలో అందులో ఉంది. కానీ సంస్థ ఎంత వడపోసినా, మనం రాసే దగ్గరే కల్తీ చేస్తే దాన్ని పట్టుకోవడం కష్టం.

ఇప్పుడు స్టార్ల సంగతి. మనం ఇంజినీరింగ్ చదివినవాళ్లం, 60 శాతం వస్తే ఫస్ట్ క్లాస్. కాబట్టి ఐదులో మూడు అంటే మన బుర్రలో "పర్లేదు, బాగానే ఉంది" అని. కానీ యాప్ ద్వారా వచ్చే వర్కర్‌కి మూడు అంటే ఫెయిల్ లాంటిది. 2023లో అర్బన్ కంపెనీ యాప్‌లో పనిచేసే మహిళలు, రేటింగ్, రెస్పాన్స్ రేట్ తగ్గాయని తమ ఐడీలు బ్లాక్ చేస్తున్నారంటూ కొన్ని నగరాల్లో నిరసనలు చేశారు. మనం సోఫాలో కూర్చుని నొక్కే ఒక వేలు, అవతల ఒకరి ఐడీ మీద పడుతుంది.

అలాగని అందరికీ ఐదు ఇచ్చేయాలా? అలా చేస్తే మళ్లీ మొహమాటం దగ్గరికే వచ్చాం. నేనైతే ఇలా చేస్తాను. ఒప్పుకున్న పని ఒప్పుకున్న రేటుకి జరిగితే ఐదు. పని జరిగింది కానీ నాకు ఇబ్బంది కలిగింది అంటే నాలుగు, ఇబ్బంది ఏంటో మాటల్లో రాస్తాను. పని సగమే జరిగితే, సరిచేయకపోతే మూడు, రెండు. డబ్బు తీసుకుని పని చేయకపోవడం, ప్రమాదకరంగా చేయడం, అడిగితే తిట్టడం, వీటికే ఒకటి. వర్కర్ చేతిలో లేని విషయాలకి ఆయన స్టార్లు కోయను. యాప్ తప్పు అడ్రస్ చూపించింది, కంపెనీ విజిటింగ్ ఛార్జ్ ఎక్కువ పెట్టింది, స్పేర్ పార్ట్ స్టాక్ లేదు, ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు లేటయింది. ఇవి కంపెనీ హెల్ప్ సెక్షన్‌లో పెట్టాల్సిన కంప్లైంట్లు. మనిషి రేటింగ్‌లో కాదు.

రివ్యూ పెట్టేశాక కూడా పని అయిపోలేదు. దాన్ని ఎడిట్ చేయొచ్చు. కోపంలో కాకుండా పద్ధతిగానే రెండు స్టార్లు ఇచ్చారు, తర్వాత ఆయన వచ్చి సరిచేశాడు అనుకోండి. ఐదు నిమిషాలు తీసుకుని అప్‌డేట్ చేయండి. పాత మాటలు తీసేయక్కర్లేదు, కింద "సెప్టెంబర్‌లో వచ్చి సరిచేశారు, ఇప్పుడు సమస్య లేదు" అని చేర్చండి. సరిచేసినా రెండు స్టార్లే ఉండిపోతే, రేపు ఇంకొకరి ఇంటికి వచ్చి సరిచేయడానికి ఆయనకి ఉత్సాహం ఎందుకుంటుంది? అలాగే ఐదు ఇచ్చిన పని ఏడాదిలో పాడైతే అదీ చేర్చండి.

ఇంకొకటి క్లియర్‌గా చెప్పాలి. రివ్యూ రాస్తే మన డబ్బు వెనక్కి రాదు. నిజంగా నష్టపోతే, అడ్వాన్స్ తీసుకుని పని వదిలేసి వెళ్లిపోతే, రివ్యూలో ఎంత గట్టిగా అరిచినా ఉపయోగం లేదు. దానికి దారి వేరు. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ నంబర్ 1915, ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వొచ్చు. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకి ఫీజు లేదు. సమస్య వచ్చిన రెండేళ్ల లోపు వేయాలి. అక్కడ అడిగేవి కూడా ఇవే: ఏం ఒప్పుకున్నారు, ఎంత కట్టారు, ఏం జరిగింది, మీరు ఎప్పుడు చెప్పారు. అందుకే క్యాష్ ఇచ్చినా ఒక కాగితం మీద సంతకం తీసుకోండి, కుదిరితే యూపీఐలో కట్టండి, రేటు, రోజులు వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా పెట్టి ఆయనతో "ఓకే" అనిపించుకోండి. పని మొదలవకముందు పెట్టిన ఆ ఒక్క మెసేజ్ ఉంటే, రివ్యూ రాయడం కూడా సగం అయిపోయినట్టే.

ఇప్పటిదాకా మ్యాప్స్‌లో, యాప్‌లో ఉన్నవాళ్ల గురించి మాట్లాడాం. మన ఊళ్లలో మంచి మేస్త్రీలు చాలామందికి అసలు ఏ పేజీ ఉండదు. హార్డ్‌వేర్ షాపు గోడ మీద ఒక ఫోన్ నంబర్, అంతే. వాళ్ల రివ్యూలన్నీ మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లోనే ఉంటాయి. "ఎవరైనా మంచి ప్లంబర్ ఉన్నారా?" అని ఎవరో అడుగుతారు. ఇంకొకరు నంబర్ పడేసి "మంచోడు" అంటారు. అదీ రివ్యూనే అండి. అక్కడ కూడా ఇంకో రెండు లైన్లు రాయండి: "మా ఫ్లాట్‌లో మూడు ట్యాపులు మార్చాడు, 600 తీసుకున్నాడు, ఎనిమిది నెలలైంది, సమస్య లేదు. పొద్దున్నే ఫోన్ చేస్తేనే దొరుకుతాడు". ఆయనకి నాలుగు ఇళ్ల పని వస్తుంది, అడిగినవాళ్లకి సరైన మనిషి దొరుకుతాడు.

సో, ఈ వారం మీకు ఒక్కటే హోమ్‌వర్క్. గత ఏడాదిలో మీ ఇంట్లో పని చేసి, ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ రాని మనిషిని ఒకరిని గుర్తు తెచ్చుకోండి. సమస్య రాలేదు కాబట్టి ఆయన గురించి మనం మర్చిపోయి ఉంటాం. బాగా చేసిన పని అలాగే ఉంటుంది, గుర్తుకే రాదు. ఆయనకి ఆ నాలుగు ప్రశ్నలతో ఐదు లైన్లు రాయండి. ఏం పని, ఎంత కట్టారు, ఎన్నాళ్లయింది, ఇప్పుడెలా ఉంది. "సూపర్" అనే మాట వాడకుండా రాసి చూడండి.